ఒకే సంఖ్య, రెండు సభలు



ఈ నెల మీకు ఒక కూడికను గురించీ, ఒక భాగహారాన్ని గురించీ, ఒక చీటీని గురించీ చెబుతాను. అంతకు ముందు నేను చేసిన ఒక తప్పు సంగతి చెప్పాలి.

అది 2024 జూన్ నెల. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల ఫలితాలు వచ్చి రెండు వారాలు కాలేదు. బడులు అప్పుడే తెరిచారు. మా మనవరాలు ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. గోడకు తగిలించటానికి ఒక పట్టిక తయారుచేయమని వాళ్ళ సాంఘికశాస్త్రం టీచరుగారు చెప్పారట. ఏ పార్టీకి ఏ సభలో ఎందరు సభ్యులున్నారో అందులో రాయాలి. మనవరాలు పెద్ద అట్ట తెచ్చి, స్కేలుతో గీతలు గీసి, గుండ్రటి అక్షరాలతో నింపి, నాకు చూపించటానికి తెచ్చింది.

అందులో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పార్టీ పేరు ఎదురుగా ఇట్లా ఉన్నది: రాష్ట్ర శాసనసభలో 175 స్థానాలకు గాను 11. రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు గల 11 స్థానాలకు గాను 11.

నేను ఎర్రపెన్సిలు తీసి రెండో గడిలోని 11 చుట్టూ సున్న చుట్టాను.

"చూశావా అమ్మాయ్! మొదటి గడిలో సంఖ్యనే రెండో గడిలోనూ దింపావు. రాసేటప్పుడు మనసు ఎక్కడున్నదో!" అన్నాను.

"నా మనసు ఇక్కడే ఉన్నది తాతయ్యా. నేను చూసే రాశాను," అన్నది మనవరాలు. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లల కాపీలు దిద్దిన చేయి గదా, అందుకే ఆలోచన కన్న ముందుగా చేయి కదిలింది. తరవాత ఇద్దరం కూర్చుని లెక్క చూశాం. ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు 2020లో 4 స్థానాలకు ఎన్నిక జరిగింది. 2022లో మరి 4. 2024 ఫిబ్రవరిలో ఇంకా 3. మూడుసార్లూ అన్నీ ఆ ఒక్క పార్టీకే వచ్చాయి. నాలుగూ, నాలుగూ, మూడూ కూడితే పదకొండు. మనవరాలు రాసింది ఒప్పు. నేను చుట్టిన సున్న తప్పు.

ఆ మాట ఒప్పుకున్నాను. కాని మనవరాలి మొహం తేటపడలేదు.

"తాతయ్యా, నా పక్కన కూర్చునే పిల్ల దీన్ని దొంగలెక్క అంటున్నది. శాసనసభలో 175 మందిలో 11 మందే ఉన్న పార్టీకి రాజ్యసభలో మన రాష్ట్రం స్థానాలన్నీ ఎట్లా వస్తాయి? ఎవరో మోసం చేశారు అంటున్నది. దానికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. నిజంగా మోసమేనా?" అని అడిగింది.

బాలలూ, ఇది చిన్న ప్రశ్న కాదు. పట్టికలో ఒక సంఖ్య తప్పుపోతే చెరిపి మళ్ళీ రాయవచ్చు. లెక్క తెలియక పోయినందువల్ల "అంతా మోసమే" అనే మాట పిల్లల మనసులో పాతుకుంటే, దాన్ని చెరపటం ఏ టీచరుకూ సాధ్యం కాదు. అంచేత ఆ సాయంత్రం మా మనవరాలికి చెప్పిందంతా మీకూ చెబుతాను. మీరు ఏ పార్టీ వాళ్ళయినా, మీ ఇంట్లో వాళ్ళు ఏ పార్టీకి ఓటు వేసినా, ఈ లెక్క అందరికీ ఒకటే.

మన పార్లమెంటులో రెండు సభలున్నాయి. లోక్‌సభ సభ్యులను మీ అమ్మా నాన్నలు స్వయంగా ఓటు వేసి ఎన్నుకుంటారు. రాజ్యసభను మనవాళ్ళు పెద్దల సభ అని కూడా అంటారు. రాజ్యసభ సభ్యులను మీ అమ్మా నాన్నలు ఎన్నుకోరు. వాళ్ళు ఎన్నుకున్న శాసనసభ్యులు ఎన్నుకుంటారు. రాజ్యసభ 1952 మే 13న మొదటిసారి సమావేశమయింది. దాని మొదటి అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. ఆయన పుట్టినరోజునే మీరు సెప్టెంబరు 5న బడిలో ఉపాధ్యాయ దినోత్సవం చేసుకుంటున్నారు.

రాజ్యసభలో 245 స్థానాలు. అందులో 12 మందిని రాష్ట్రపతి నియమిస్తారు. సాహిత్యం, విజ్ఞానం, కళలు, సంఘసేవ, వీటిలో పేరుపొందినవాళ్ళకు ఆ 12 స్థానాలు. తక్కిన 233 మందినీ ఎన్నుకుంటారు. ఈ 233 స్థానాలనూ జనాభాను బట్టి రాష్ట్రాలకు పంచారు. ఉత్తరప్రదేశ్‌కు 31, మహారాష్ట్రకు 19, తమిళనాడుకు 18, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణాకు 7, సిక్కింకు 1. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడి పెద్దల సభకు, పెద్దదైనా చిన్నదైనా, ఒక్కొక్క రాష్ట్రం నుంచి ఇద్దరే వెళతారు.

ఇక అసలు సంగతి. లోక్‌సభను రద్దు చేయవచ్చు. అప్పుడు అందరి పదవులూ ఒకేసారి పోతాయి. రాజ్యసభను రద్దు చేయటానికి వీలులేదు. సభ్యుడి పదవి ఆరేళ్ళు. రెండేళ్ళకొకసారి సుమారు మూడోవంతు మంది దిగిపోతారు, వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు వస్తారు.

"మరి 1952లో అందరూ ఒకేసారి వచ్చారు గదా, మూడోవంతు మందినే ఎట్లా దించారు?" అని మనవరాలు అడిగింది. మంచి ప్రశ్న. చీట్లు వేశారు! మొదటి సభ్యులలో కొందరికి రెండేళ్ళు, కొందరికి నాలుగేళ్ళు, కొందరికి ఆరేళ్ళు అని చీట్లు తీసి నిర్ణయించారు. ఆ తరవాత వచ్చినవాళ్ళకు ఆరేళ్ళు.

మీ ఊరి చెరువును గుర్తుతెచ్చుకోండి. ఈ ఏడు వానలు లేకపోయినా అందులో నీళ్ళుంటాయి. అవి నిరుటి వాన నీళ్ళు, ముందటేటి వాన నీళ్ళు. చెరువులో నీళ్ళు చూసి, "నిన్న పెద్ద వాన పడింది" అని ఎవరూ అనరు. రాజ్యసభ అటువంటి చెరువు. అందులో పాత ఓట్ల నీళ్ళుంటాయి. 2020లో, 2022లో, 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన 11 మందినీ ఎన్నుకున్నది 2019లో ఏర్పడిన శాసనసభ. ఆ శాసనసభ ఎన్నికలలో 175 స్థానాలకు వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 151, తెలుగుదేశానికి 23 వచ్చాయి. 2024 జూన్‌లో వచ్చినది కొత్త వాన. శాసనసభ ఒక్కరోజులో నిండింది. రాజ్యసభలో మాత్రం పాత నీరే నిలిచి ఉన్నది.

"సరే తాతయ్యా. అప్పట్లో తెలుగుదేశానికి 23 మంది ఉన్నారు గదా, ఒక్క స్థానమైనా రావద్దా?" అన్నది మనవరాలు.

దీనికి భాగహారం కావాలి. పలక తీసుకోండి.

శాసనసభ్యుల మొత్తం సంఖ్యను, నింపవలసిన స్థానాలకు ఒకటి కలిపి, దానితో భాగించాలి. వచ్చినదానికన్న ఎక్కువ ఓట్లు ఎవరికి వస్తే వాళ్ళు గెలిచినట్టు. 175 మంది సభ్యులున్న సభ 3 స్థానాలు నింపాలి. 175ను 4 చేత భాగిస్తే 43 ముప్పావు వస్తుంది. కాబట్టి 44 ఓట్లు కావాలి.

మూడు స్థానాలుండగా నాలుగు చేత ఎందుకు భాగించాలి? చూడండి. ముగ్గురికి తలా 44 ఓట్లు వస్తే 132 అయిపోతాయి. 175లో 132 పోతే మిగిలేవి 43. నాలుగోవాడు ఏం చేసినా 44 తెచ్చుకోలేడు. ముగ్గురికి పట్టి, నాలుగోవాడికి పట్టని అతి చిన్న సంఖ్య అదే! అదే 4 స్థానాలయితే 175ను 5 చేత భాగించాలి. 35 వస్తుంది, దాటాలి కనుక 36 కావాలి. 23 మందికి 36 కూడా అందదు, 44 అసలే అందదు. 151 మందికో, నాలుగు 36లు 144 పోయినా ఇంకా ఏడుగురు మిగులుతారు.

అదే 2024 ఫిబ్రవరిలో తెలంగాణాలో ఏం జరిగిందో చూడండి. అక్కడ సభ్యులు 119 మంది, నింపవలసిన స్థానాలు 3. 119ను 4 చేత భాగిస్తే 29 ముప్పావు. అంటే 30 ఓట్లు కావాలి. 2023 చివర జరిగిన ఎన్నికలలో కాంగ్రెసుకు 64, భారత రాష్ట్ర సమితికి 39 వచ్చాయి. 64లో రెండు 30లున్నాయి, 39లో ఒకటి ఉన్నది. కాంగ్రెసుకు ఇద్దరు, భారత రాష్ట్ర సమితికి ఒకరు. ఈ లెక్క అందరికీ తెలిసినదే గనక ముగ్గురే నిలబడ్డారు, ఓటింగు లేకుండానే ఎన్నికయ్యారు. పక్క పక్క రాష్ట్రాలు, నింపవలసినవి అవే మూడు స్థానాలు. ఒకచోట మూడూ ఒకరికే పోయాయి, ఒకచోట రెండూ ఒకటిగా పంచుకున్నారు. సూత్రం మాత్రం ఒకటే.

ఓటు వేసే తీరు కూడా తెలుసుకోండి. మీ అమ్మ మిమ్మల్ని అంగడికి పంపుతూ, "బెండకాయలు తీసుకురా, అవి లేకపోతే వంకాయలు, అవీ లేకపోతే దొండకాయలు," అంటుంది. సంచీ ఒకటే, డబ్బు ఒకసారే. కాని సంచీ ఖాళీగా రాకుండా అమ్మ జాగ్రత్తపడింది. శాసనసభ్యుడు కూడా అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2, 3 అని వరస రాస్తాడు. ఒక మనిషికి ఒకటే ఓటు. తను 1 వేసిన అభ్యర్థికి చాలినన్నికన్న ఎక్కువ ఓట్లు వచ్చినా, లేక అతను పోటీలోంచి తొలగిపోయినా, ఆ ఓటు విలువ రెండోవాడికి వెళుతుంది. 2003 నుంచి ఈ ఎన్నికలో ఓటు రహస్యం కాదు. పార్టీ సభ్యుడు తన బ్యాలెట్‌ను పెట్టెలో వేసే ముందు తన పార్టీ ఏజెంటుకు చూపించాలి.

ఇప్పుడు 2024 ఫిబ్రవరి ఎన్నికల మొత్తం ఫలితం చూద్దాం. 15 రాష్ట్రాలలో 56 స్థానాలు నింపారు. మా మనవరాలు అట్ట వెనకవైపు రాష్ట్రాలవారీగా ఇట్లా రాసుకున్నది:

ఉత్తరప్రదేశ్ 10: భారతీయ జనతా పార్టీ 8, సమాజ్‌వాదీ 2.
బీహారు 6: భారతీయ జనతా 2, రాష్ట్రీయ జనతాదళ్ 2, జనతాదళ్ (యునైటెడ్) 1, కాంగ్రెసు 1.
మహారాష్ట్ర 6: భారతీయ జనతా 3, శివసేన 1, నేషనలిస్టు కాంగ్రెసు 1, కాంగ్రెసు 1.
మధ్యప్రదేశ్ 5: భారతీయ జనతా 4, కాంగ్రెసు 1.
పశ్చిమ బెంగాలు 5: తృణమూల్ కాంగ్రెసు 4, భారతీయ జనతా 1.
గుజరాత్ 4: భారతీయ జనతా 4.
కర్ణాటక 4: కాంగ్రెసు 3, భారతీయ జనతా 1.
ఆంధ్రప్రదేశ్ 3: వై.ఎస్.ఆర్. కాంగ్రెసు 3.
తెలంగాణా 3: కాంగ్రెసు 2, భారత రాష్ట్ర సమితి 1.
ఒడిశా 3: బిజూ జనతాదళ్ 2, భారతీయ జనతా 1.
రాజస్థాన్ 3: భారతీయ జనతా 2, కాంగ్రెసు 1.
ఛత్తీస్‌గఢ్, హర్యానా, ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్, ఒక్కొక్కటి: నాలుగూ భారతీయ జనతా.

పార్టీలవారీగా కూడితే భారతీయ జనతా పార్టీకి 30, కాంగ్రెసుకు 9, తృణమూల్‌కు 4, వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 3, రాష్ట్రీయ జనతాదళ్, బిజూ జనతాదళ్, సమాజ్‌వాదీ, మూడింటికీ రెండేసి, తక్కిన నాలుగు పార్టీలకూ ఒక్కొక్కటి. మొత్తం 56. మీరూ కూడి చూడండి. నా మాట నమ్మి ఊరుకోవద్దు. నా ఎర్రపెన్సిలు సంగతి మీకు తెలిసిందే గదా!

ఈ 56లో 41 స్థానాలు పోటీ లేకుండానే నిండాయి. ఓటింగు జరిగినది మూడు రాష్ట్రాలలో, 15 స్థానాలకు. ఉత్తరప్రదేశ్‌లో పది, కర్ణాటకలో నాలుగు, హిమాచల్‌లో ఒకటి. ఇంకొక సంగతి గమనించండి. ఇది ఒకే నెలలో వచ్చిన ఫలితం. కాని ఓటు వేసిన శాసనసభలు వేరువేరు కాలాలలో ఏర్పడినవి. ఆంధ్ర, ఒడిశా, హర్యానా, మహారాష్ట్ర శాసనసభలు 2019లో, బీహారుది 2020లో, బెంగాలుది 2021లో, ఉత్తరప్రదేశ్‌ది 2022లో, తెలంగాణాది 2023లో. ఒక్క పట్టికలో అయిదేళ్ళ ఓట్లు పక్కపక్కన కూర్చున్నాయి.

ఇక చీటీ సంగతి. హిమాచల్ ప్రదేశ్‌లో 68 మంది శాసనసభ్యులు. కాంగ్రెసుకు 40, భారతీయ జనతా పార్టీకి 25, స్వతంత్రులు 3. స్థానం ఒకటే. 68ను 2 చేత భాగిస్తే 34, దాటాలి కనుక 35 ఓట్లు కావాలి. కాంగ్రెసుకు 40 మంది ఉన్నారు గదా, గెలుపు ఖాయమని అంతా అనుకున్నారు. 2024 ఫిబ్రవరి 27న ఓట్లు లెక్కపెడితే కాంగ్రెసు అభ్యర్థి అభిషేక్ మను సింఘ్వీకి 34, భారతీయ జనతా అభ్యర్థి హర్ష్ మహాజన్‌కు 34! కాంగ్రెసు సభ్యులలో ఆరుగురు, స్వతంత్రులు ముగ్గురు అవతలి అభ్యర్థికి ఓటు వేశారు. ఇద్దరికీ 35 రాలేదు. చీట్లు వేశారు.

చీటీలో ఎవరి పేరు వచ్చిందనుకుంటున్నారు? సింఘ్వీ పేరు వచ్చింది. గెలిచింది మహాజన్! మనవరాలు నోరు తెరిచి చూసింది. ఈ ఎన్నికలో చీటీ తీసేది గెలిచేవాణ్ణి ఎంచటానికి కాదు, పోటీలోంచి తొలగించటానికి అని అధికారులు నిబంధనకు అర్థం చెప్పారు. చీటీలో పేరు వచ్చినవాడు తప్పుకున్నట్టు. ఈ పద్ధతి సరికాదని సింఘ్వీ హైకోర్టుకు వెళ్ళారు. అదే ఏడు ఆగస్టులో తెలంగాణాలో ఒక స్థానం ఖాళీ అయితే, ఆయన అక్కడి నుంచి పోటీ లేకుండా రాజ్యసభకు ఎన్నికయ్యారు. 2003కు ముందు, ఒక రాష్ట్రం నుంచి పోటీ చేసేవాడు ఆ రాష్ట్రంలోనే ఓటరు అయి ఉండాలి. ఆ ఏడు చట్టం మార్చారు. ఇప్పుడు దేశంలో ఎక్కడ ఓటరయినా చాలు.

"ఒక్క ఓటు ఇటు పడితే చీటీ అవసరమే ఉండేది కాదు!" అన్నది మనవరాలు.

అవును. "నా ఒక్కడి ఓటుతో ఏమవుతుంది?" అనేవాళ్ళకు ఈ 34, 34 చూపించండి.

ఇదంతా విని మనవరాలు మళ్ళీ మొదటికే వచ్చింది. "అయితే మోసం లేదు. కాని తాతయ్యా, ప్రజలు మార్పు కోరిన తరవాత కూడా పాతవాళ్ళు ఉండటం న్యాయమేనా?"

ఈ ప్రశ్న పెద్దవాళ్ళు కూడా అడుగుతారు, వాదించుకుంటారు. రాజ్యాంగం రాసినవాళ్ళు ఆలోచించే ఇట్లా పెట్టారు. ఒక్క ఎన్నికలో వచ్చిన ఊపుతో చట్టాలన్నీ మార్చకుండా, ఇంకొక సభ నిదానంగా చూడాలని వాళ్ళ ఉద్దేశం. రాజ్యాంగాన్ని సవరించాలంటే రెండు సభలూ ఒప్పుకోవాలి. డబ్బుకు సంబంధించిన బిల్లును మాత్రం రాజ్యసభ 14 రోజులకన్న ఆపలేదు. నిదానం మంచిదే, కాని నిదానం వల్ల ప్రజల మాట ఆలస్యంగా చేరుతుందనేది కూడా నిజమే. ఈ రెండింటిలో ఏది ఎక్కువో మీరు పెద్దవాళ్ళయి ఆలోచించండి. మీ తరగతిలో రెండు జట్లుగా వాదించండి. ఒక్కటే షరతు. ముందు లెక్క తెలుసుకోవాలి, తరవాత వాదించాలి.

పాత నీరు ఎప్పటికీ అట్లాగే ఉండదని కూడా చూశాం. ఆ పదకొండుమందిలో ముగ్గురు 2024లోనే రాజీనామా చేశారు. డిసెంబరులో ఉప ఎన్నిక వచ్చింది. ఈసారి ఎన్నుకోవలసినది కొత్త శాసనసభ. తెలుగుదేశానికి 2, భారతీయ జనతా పార్టీకి 1 వచ్చాయి.

మనవరాలు ఆ రాత్రే పట్టికలో ఇంకొక గడి గీసింది. దాని పైన "ఎవరు ఎన్నుకున్నారు? ఎప్పుడు?" అని రాసింది. శాసనసభ ఎదురుగా "ప్రజలు, 2024" అనీ, రాజ్యసభ ఎదురుగా "2019 శాసనసభ, మూడు విడతలుగా" అనీ నింపింది. మర్నాడు బడిలో దాన్ని చూసి పక్కపిల్ల కాసేపు వేళ్ళమీద లెక్కపెట్టి, "నాలుగూ నాలుగూ మూడూ... సరిపోయిందే!" అన్నదట. మళ్ళీ దొంగలెక్క అనలేదట.

ఎర్రసున్నను రబ్బరుతో ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు. టీచరుగారు చూసి, "ఇదేమిటి?" అని అడిగారట.

"అది మా తాతయ్య తప్పండీ," అన్నదట మా మనవరాలు.

ఈ నెల లెక్క: కేరళ శాసనసభలో 140 మంది. 2021 ఎన్నికలలో ఒక కూటమికి 99, రెండో కూటమికి 41 వచ్చాయి. 2022లో అక్కడ 3 రాజ్యసభ స్థానాలు నింపవలసి వచ్చింది. ఎన్ని ఓట్లు కావాలి? ఎవరికి ఎన్ని స్థానాలు?

జవాబు: 140ను 4 చేత భాగిస్తే 35, కాబట్టి 36 కావాలి. మొదటి కూటమికి 2, రెండోదానికి 1. నిజంగా జరిగినదీ అదే.